చువ్వల చివర ఎక్కడుంది? ఔటర్ సర్వీస్ రోడ్డుపై నడిచే షటిల్‌కు కెమెరాలు అమర్చిన కేస్ స్టడీ

హైదరాబాద్ పశ్చిమాన నార్సింగి, కోకాపేటల మీదుగా సాగే ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఉన్న సర్వీస్ రోడ్డుపై, ఒక కార్యాలయ సముదాయానికి ఉద్యోగులను చేరవేసే చిన్న ఎలక్ట్రిక్ షటిల్ తిరుగుతుంది. ఆ బండి తనంతట తాను నడవగలిగేలా చేసే పనిలో, చుట్టూ ఉన్న వస్తువులను కెమెరాలతో గుర్తించే భాగాన్ని మా బృందం చేపట్టింది. స్టీరింగ్ ముందు డ్రైవర్ ఎప్పుడూ ఉంటాడు, బ్రేకుపై తుది అధికారం అతనిదే. గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు. ఖర్చు కారణంగా లేజర్ కిరణాలతో దూరం కొలిచే లైడార్ పెట్టే అవకాశం లేదు. ముందు భాగంలో ఒక రాడార్, చుట్టూ అల్ట్రాసోనిక్ సెన్సార్లు ఉన్నా, ప్రధాన భారం మాత్రం కెమెరాల మీదే పడింది.

వేగం తక్కువ కదా, పని సులువే అని చాలామంది అన్నారు. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా ప్రధాన మార్గంపైకి ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, పాదచారులకు అనుమతి లేదు. అక్కడికి వెళ్లలేనివన్నీ సర్వీస్ రోడ్డుకే వస్తాయి. నిర్మాణ స్థలాలకు వెళ్లే టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు, నీళ్ల ట్యాంకర్లు, డీసీఎంలు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి గడ్డి వేసుకొచ్చే ట్రాక్టర్లు, సాయంత్రం ఇంటికి మళ్లే గేదెలు, అన్నీ ఒకే దారిలో కలుస్తాయి. వస్తువు ఏమిటో చెప్పగలగడం కంటే, బండి వెళ్లవలసిన జాగాలో ఏదో ఉందా, ఉంటే దాని చివర ఎక్కడుంది అన్నది చెప్పగలగడమే ఇటువంటి దారిలో ముఖ్యమని ఈ పని మాకు స్పష్టంగా చూపింది. ఈ నివేదిక ప్రధానంగా ఆ విషయం గురించే.

కెమెరాల అమరిక

గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. ప్రయాణికులు తూలిపోకుండా ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు 2 మీటర్ల చొప్పున తగ్గిస్తూ ఆపాలంటే బ్రేకు పడిన తరువాత 12 మీటర్లు కావాలి. గుర్తించి నిర్ణయం తీసుకోవడానికి పట్టే కాలాన్ని కలిపితే ఇది 14, 15 మీటర్లవుతుంది. అందువల్ల ముందు వైపు 30 మీటర్ల దూరంలో చిన్నపిల్ల నిలబడినా నమ్మకంగా కనిపించాలన్నది మేము పెట్టుకున్న కొలమానం.

1,920 పిక్సెళ్ల వెడల్పు గల సెన్సర్ ముందు 60 డిగ్రీల లెన్స్ పెడితే, పిక్సెళ్లలో ఫోకల్ లెంగ్త్ (వస్తువు చిత్రంలో ఎంత పెద్దగా పడుతుందో తేల్చే అంకె) సుమారు 1,660 వస్తుంది. 30 మీటర్ల దూరంలోని ఒక మీటరు ఎత్తు పిల్ల చిత్రంలో 55 పిక్సెళ్ల ఎత్తున కనిపిస్తుంది. అదే సెన్సర్‌పై 120 డిగ్రీల లెన్స్ అయితే ఫోకల్ లెంగ్త్ 554కు పడిపోయి, ఆ పిల్ల 18 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. ఒక్క వైడ్ కెమెరాతో సరిపెట్టుకోవచ్చన్న ప్రతిపాదన ఈ లెక్క దగ్గరే ఆగిపోయింది. ముందు వైపు రెండింటినీ పెట్టాము. దూరానికి ఇరుకు లెన్స్, మలుపుల్లో పక్క నుంచి చొచ్చుకొచ్చే బైకులకు వెడల్పు లెన్స్. పక్కలకు, వెనుకకు మరికొన్ని.

వీటితో పాటు బంపర్ల ఎత్తులో, చాలా వెడల్పైన కోణంలో చూసే నాలుగు ఫిష్‌ఐ కెమెరాలు ఉన్నాయి. వీటి అవసరం కాగితం మీద కంటే రోడ్డు మీదే బాగా తెలుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఆగి ఉన్న ఏ బండి కిందనైనా నీడ కోసం వీధికుక్క పడుకుంటుంది. పైకప్పు దగ్గర ఉన్న కెమెరాలకు బంపర్‌ను ఆనుకుని ఉన్న నేల కనిపించదు. షటిల్ స్టాపులో నిలిచి తిరిగి కదిలే ప్రతిసారీ ముందు, వెనుక చక్రాల దగ్గరి నేల ఖాళీగా ఉందని ఫిష్‌ఐ కెమెరాలు నిర్ధారించిన తరువాతే బ్రేకు విడుదలవుతుంది. చక్రాల మధ్య నడిమి భాగం మాత్రం వాటికీ కనిపించదు. అందుకే ఆగి ఉన్నంతసేపూ అడుగుకు చేరిన ప్రతి జీవినీ లెక్కపెట్టి, బయటికి వచ్చిందో లేదో గుర్తుంచుకునే ఏర్పాటు చేశాము.

దొరికే డేటాసెట్లు, మన రోడ్డు

ఈ రంగంలో బాగా పేరున్న డేటాసెట్లు, అంటే వస్తువులను గుర్తించడం కంప్యూటర్‌కు నేర్పడానికి లేబుళ్లు రాసి ఉంచిన చిత్రాల సంకలనాలు, మన నేల మీద పుట్టినవి కావు. 2012లో వచ్చిన కిట్టి జర్మనీలోని కార్ల్‌స్రూ పరిసరాలది. 2016 నాటి సిటీస్కేప్స్ ప్రధానంగా జర్మనీలోని 50 నగరాల చిత్రాలది. ఆరు కెమెరాలు, ఒక లైడార్, ఐదు రాడార్లతో సేకరించిన న్యూసీన్స్ బోస్టన్, సింగపూర్ వీధులది. సాధారణ వస్తువుల గుర్తింపుకు అందరూ వాడే కోకో డేటాసెట్‌లోని 80 వర్గాలలో ఆవు ఉంది, కుక్క ఉంది, ఏనుగు కూడా ఉంది. ఆటో మాత్రం లేదు. దానిపై శిక్షణ పొందిన మోడల్‌కు, అంటే ఆ చిత్రాలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్‌కు, ఆటో చూపిస్తే ఒక ఫ్రేములో కారని, తరువాతి ఫ్రేములో ట్రక్కని, ఇంకోసారి మోటార్‌సైకిలని చెబుతుంది.

ఈ లోటును చాలా వరకు తీర్చింది మన ఊరి పనే. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఆధ్వర్యంలో వచ్చిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు నగరాలలోనూ వాటి శివార్లలోనూ 182 ప్రయాణాల నుంచి తీసిన 10,004 చిత్రాలకు 34 వర్గాలలో, ఏ పిక్సెల్ దేనిదో చెప్పే లేబుళ్లు ఉన్నాయి. ఆటోకు, జంతువులకు, బిల్‌బోర్డులకు ప్రత్యేక వర్గాలున్నాయి. అంతకంటే విలువైనది, తారురోడ్డు అంచు దాటాక ఉండే మట్టి భాగాన్ని, అవసరమైతే బండి దిగగలిగే నేలగా వేరుచేసి చూపడం. ఐరోపా డేటాసెట్లలో రోడ్డుకు, కాలిబాటకు మధ్య గీత స్పష్టంగా ఉంటుంది. మన సర్వీస్ రోడ్డుపై ఆ గీత వానాకాలానికి ఒకచోట, ఎండాకాలానికి మరొకచోట ఉంటుంది. మా మోడల్‌కు తొలి శిక్షణ ఈ డేటాసెట్‌తోనే ఇచ్చి, ఆపై మా దారిలో సేకరించిన చిత్రాలను జోడించాము.

లేబులింగ్‌లో ఎదురైన ప్రశ్నలే తరువాతి రూపకల్పనకు దారి చూపాయని చెప్పాలి. మా లేబులింగ్ బృందంలో ఎక్కువమంది జిల్లాల నుంచి వచ్చిన యువతీ యువకులు. గడ్డి ట్రాక్టర్ చిత్రం ముందు ఒక అమ్మాయి ఆగిపోయి, "మేడమ్, గడ్డిని బండిలో కలపాలా, బండి వరకే గీయాలా? గడ్డి కింద బండే కనిపిస్తలేదు" అని అడిగింది. ట్రాలీ వెడల్పుకు దాదాపు రెట్టింపుగా గడ్డి ఇరువైపులా వేలాడుతోంది. ట్రాక్టర్ అనే వస్తువుకు బాక్స్ గీస్తే గడ్డి బయట మిగిలిపోతుంది; గడ్డితో కలిపి గీస్తే ట్రాక్టర్ ఎలా ఉంటుందన్నది మోడల్‌కు తప్పుగా అందుతుంది. ఒకే బాక్సుతో రెండు ప్రశ్నలకు జవాబు చెప్పించడం కుదరదని ఆ చిత్రం తేటతెల్లం చేసింది. అప్పటి నుంచి ప్రతి సరుకు వాహనానికీ రెండు గీతలు గీయించాము. ఒకటి వాహనానికి, రెండోది సరుకుతో సహా అది ఆక్రమించిన మొత్తం జాగాకు.

ఇనుప చువ్వల డీసీఎం

కోకాపేటలో కడుతున్న ఎత్తైన భవనాలకు స్టీల్ చువ్వలు వేసుకెళ్లే డీసీఎంలు ఈ దారిలో తరచూ ఎదురవుతాయి. చువ్వ ప్రామాణిక పొడవు 12 మీటర్లు. బండి బాడీ దానిలో సగం ఉంటుందేమో. కొందరు చువ్వలను మధ్యకు మడిచి వేస్తారు. మడవనప్పుడు వెనుక డోరు తెరిచి, చువ్వలను బయటికి వదిలేసి, చివరన ఒక ఎర్రగుడ్డ కడతారు. గతుకు వచ్చినప్పుడల్లా ఆ చివరలు పైకీ కిందికీ ఊగుతూ ఉంటాయి. వెనుక వచ్చే షటిల్ అద్దం ఎత్తుకు సరిగ్గా సమానంగా.

సిద్ధంగా దొరికే గుర్తింపు మోడల్ ఈ దృశ్యంలో తన పని తాను చక్కగా చేసింది. డీసీఎంను ట్రక్కుగా గుర్తించి, బాడీ చుట్టూ కచ్చితమైన బాక్స్ గీసి, దాని టైర్లు నేలను తాకే చోటు నుంచి దూరాన్ని లెక్కగట్టింది. ప్రామాణిక కొలమానాల ప్రకారం ఆ ఫ్రేముకు పూర్తి మార్కులు పడతాయి. చువ్వల చివరలు మాత్రం ఆ బాక్సుకు బయట, మాకు మరికొన్ని మీటర్లు దగ్గరగా ఉన్నాయి.

ఎందుకు కనిపించలేదన్నది లెక్కలోనే ఉంది. 12 మిల్లీమీటర్ల చువ్వ 15 మీటర్ల దూరంలో ఇరుకు లెన్స్ కెమెరాకు 1.3 పిక్సెళ్ల మందాన కనిపిస్తుంది. గణన భారం తగ్గించడానికి 1,920 పిక్సెళ్ల చిత్రాన్ని 640కు కుదించి మోడల్‌కు ఇవ్వడం ఈ రంగంలో పరిపాటి. కుదించిన తరువాత ఆ చువ్వ అర పిక్సెల్ కూడా ఉండదు. వెనుక ఆకాశం ఉంటే బూడిద రంగులో కలిసిపోతుంది. వెనుక చెట్లుంటే ఆ జాడ కూడా మిగలదు. చివరన కట్టిన 30 సెంటీమీటర్ల ఎర్రగుడ్డ మాత్రం అసలు చిత్రంలో 33 పిక్సెళ్లు, కుదించినదానిలో 11 పిక్సెళ్లు ఉంటుంది. వెనుక వచ్చే మనిషి కంటికి ఆ గుడ్డ ఏ సాయం చేస్తుందో కెమెరాకూ అదే సాయం చేయగలదు, దాన్ని చూడమని మనం నేర్పితే.

పరిష్కారం మూడు వైపుల నుంచి వచ్చింది. ఇరుకు లెన్స్ చిత్రంలో బండి వెళ్లబోయే దారి కనిపించే మధ్య భాగాన్ని కుదించకుండా అసలు పరిమాణంలోనే మోడల్‌కు ఇచ్చాము. ఎర్రగుడ్డను, ఎర్ర జెండాను, రాత్రి పూట వేలాడదీసే ఎర్ర లైటును కలిపి 'సరుకు చివర' అనే కొత్త వర్గంగా లేబుల్ చేయించాము. అన్నింటికంటే ముఖ్యంగా, ఒకే మోడల్‌కు రెండు వేర్వేరు జవాబులు ఇచ్చే బాధ్యత అప్పగించాము. ఒక శాఖ వస్తువుల పేర్లు చెబుతుంది. రెండోది అన్ని కెమెరాల చిత్రాలను కలిపి, బండి చుట్టూ ఉన్న జాగాను పైనుంచి చూసినట్టుగా 20 సెంటీమీటర్ల గడులుగా విభజించి, ప్రతి గడి నిండుగా ఉందా, ఖాళీగా ఉందా, కనబడటం లేదా అన్నది మాత్రమే చెబుతుంది. నిండిన గడిలో ఉన్నది ఆటోనా, గడ్డా, గేదెనా అన్నది రెండో శాఖకు అనవసరం.

ఈ పద్ధతి మా ఆవిష్కరణ కాదు. పలు కెమెరాల చిత్రాలను పైనుంచి చూసే పటంగా మార్చే పరిశోధనలు 2020 నుంచి వేగంగా సాగుతున్నాయి. మా దారికి తగ్గట్టుగా చేసిన మార్పు శిక్షణలో ఉంది. షటిల్‌లో లైడార్ లేకపోయినా, డేటా సేకరించే కారుపై పెట్టి, దాని కిరణాలు తాకిన బిందువుల ఆధారంగా గడులకు లేబుళ్లు తయారుచేశాము. చువ్వల వంటి సన్నని వస్తువులపై లైడార్ కిరణాలు కూడా కొన్నే పడతాయి కాబట్టి, అటువంటి దృశ్యాలలో వరుస ఫ్రేముల బిందువులను కలిపి, మిగిలినవాటిని చేతితో సరిదిద్దించాము. 'కనబడటం లేదు' అన్న మూడో జవాబు విలువ గురించి ఎంత చెప్పినా తక్కువే. సరుకు వాహనం వెనుక వెళుతున్నప్పుడు దాని చివర స్పష్టంగా కనిపించని గడులను ఖాళీగా భావించకుండా, కనబడనివాటిగా ఉంచి, షటిల్ అదనపు దూరం పాటిస్తుంది. ప్రయాణం కొంత నెమ్మదిస్తుంది. ఆ ధర సమంజసమేనని నా అభిప్రాయం.

పేరుకు అతిగా ప్రాధాన్యం ఇస్తే ఏమవుతుందో ప్రపంచం 2018 మార్చిలో చూసింది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపే నగరంలో ఉబర్ పరీక్షా వాహనం సైకిల్‌ను నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొని ఆమె మరణానికి కారణమైంది. అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు ప్రకారం, ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే వ్యవస్థ ఆమెను పసిగట్టింది. అయితే ఒకసారి వాహనమని, ఒకసారి ఇతర వస్తువని, ఒకసారి సైకిలని వర్గం మార్చుకుంటూ పోయింది. వర్గం మారిన ప్రతిసారీ అంతకుముందు ఆ వస్తువు ఎటు కదిలిందన్న చరిత్రను పక్కన పెట్టేసింది. ఆ వాహనానికి లైడార్, రాడార్ రెండూ ఉన్నాయి. ఈ పని చేసే ప్రతి ఇంజనీరూ ఆ నివేదికను చదవాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఒకే వస్తువును వరుస ఫ్రేములలో అనుసరించే మా ట్రాకింగ్‌లో వస్తువు చరిత్రను దాని పేరుతో ముడిపెట్టలేదు. ఆటో మూడు ఫ్రేములలో మూడు పేర్లు తెచ్చుకున్నా, అది ఎక్కడి నుంచి ఎంత వేగంతో వస్తోందన్న లెక్క తెగదు.

కటౌట్లు, ఫుట్‌బోర్డు

నాయకుల పుట్టినరోజులకు, సభలకు రోడ్డు పక్కన, డివైడర్లపైన మనిషి ఎత్తు కటౌట్లు వెలుస్తాయి. చేతులు జోడించి నిలబడిన నిలువెత్తు మనిషి బొమ్మను మోడల్ మనిషిగానే గుర్తిస్తుంది, అందులో ఆశ్చర్యం లేదు. తొలి దశలో షటిల్ వాటి దగ్గర వేగం తగ్గించేది. మనిషిని నిర్ధారించే స్కోరు హద్దును (మోడల్‌కు ఉండాల్సిన కనీస నమ్మకాన్ని) పెంచితే సమస్య పోతుందని ఒక సూచన వచ్చింది. నేను దాన్ని ఒప్పుకోలేదు. హద్దు పెంచితే కటౌట్‌తో పాటు దాని పక్కన నీడలో నిలబడిన నిజమైన మనిషి కూడా పోతాడు. గడుల శాఖ వచ్చాక ఈ చిక్కు దానంతట అదే చాలా వరకు విడిపోయింది. డివైడర్ మీద పలుచని నిలువు వస్తువు ఉంది, అది కదలడం లేదు, మన దారిలో లేదు. అది మనిషా, బొమ్మా అన్నది తేలకపోయినా షటిల్ సాగిపోవచ్చు. దారి అంచుకు దగ్గరగా ఉంటే మాత్రం మనిషిగానే పరిగణించి నెమ్మదిస్తుంది. కటౌట్ దగ్గర అనవసరంగా నెమ్మదించినందువల్ల ఎవరికీ నష్టం లేదు.

ఆర్టీసీ బస్సు వెనుక అతికించిన ప్రకటనలలోని ముఖాల సంగతి ఇంకొంచెం లోతైనది. బస్సు బాక్స్ లోపల మనిషి బాక్స్ వస్తే దాన్ని కొట్టివేయాలన్న నియమం కొన్ని వ్యవస్థలలో కనిపిస్తుంది. రద్దీ వేళ హైదరాబాద్ సిటీ బస్సును ఒక్కసారి చూసినవారెవరూ ఆ నియమాన్ని అంగీకరించరు. ఫుట్‌బోర్డుపై వేలాడుతున్న కుర్రవాళ్లు కెమెరాకు బస్సు బాక్సులోనే కనిపిస్తారు, ఏ క్షణానైనా దిగుతారు, అదీ బస్సు పూర్తిగా ఆగకముందే. అందుకని బస్సు ఎడమ వైపు ద్వారాల దగ్గర కనిపించే ఏ మనిషినీ కొట్టివేయకూడదని, ఆ ద్వారాలకు పక్కనున్న గడులు ఏ క్షణంలోనైనా నిండవచ్చని భావించాలని నిర్ణయించాము.

ముక్కు వంగినప్పుడు దూరం పెరుగుతుంది

ఒకే కెమెరాతో దూరం కొలిచే వాడుక పద్ధతి, వస్తువు నేలను తాకే బిందువు దిగంత రేఖకు ఎంత దిగువన ఉందో చూడడం. కెమెరా 2 మీటర్ల ఎత్తున ఉంటే, 30 మీటర్ల దూరంలోని బిందువు దిగంతానికి 3.8 డిగ్రీల దిగువన కనిపిస్తుంది. ఇప్పుడు బ్రేకు వేయడం వల్ల బండి ముక్కు ఒక్క డిగ్రీ కిందికి వంగిందనుకుందాం. ఆ బిందువు చిత్రంలో పైకి జరుగుతుంది; వంపును లెక్కలోకి తీసుకోకపోతే 2.8 డిగ్రీలుగా చదివి, దూరం సుమారు 41 మీటర్లని తేలుస్తాము. ఉన్నది 30, చెప్పేది 41. సరిగ్గా బ్రేకు వేస్తున్న సమయంలోనే, ముందున్నది దూరంగా ఉందన్న భ్రమ కలగడం ప్రమాదకరం. వెనుక సీట్లు నిండి ముక్కు పైకి లేచినప్పుడు దీనికి వ్యతిరేకం జరుగుతుంది. 30 మీటర్లు 24గా కనిపిస్తాయి.

సర్వీస్ రోడ్డుపై గేటు గేటుకూ స్పీడ్ బ్రేకర్ ఉంది. చాలా వాటికి తెల్లగీతలు చెరిగిపోయాయి, కొన్నింటికి అసలు ఎప్పుడూ వేయలేదు. కాబట్టి ఈ వంపు అరుదైన సంఘటన కాదు, నిత్యకృత్యం. మోడల్‌ను ఎంత మెరుగుపరిచినా తీరని దోషం ఇది, ఎందుకంటే దోషం మోడల్‌లో లేదు. బండి వంపును, వేగంలో మార్పును కొలిచే జైరో, యాక్సిలరోమీటర్ కొలతలతో ప్రతి ఫ్రేముకూ వంపును సరిదిద్దాము. కెమెరా, జైరోల గడియారాలు కలవకపోతే ఈ సవరణ మేలుకు బదులు కీడు చేస్తుంది. ఫ్రేము తీసిన క్షణం, వంపు కొలిచిన క్షణం ఒకటే అయ్యేలా అన్ని పరికరాలకూ ఒకే గడియారాన్ని అనుసంధానించాము.

రెండో సాక్ష్యంగా తెలిసిన కొలతలను వాడాము. ప్రయాణికుల ఆటో వెడల్పు దాదాపు 1.3 మీటర్లు, చిత్రంలో దాని వెడల్పు ఎన్ని పిక్సెళ్లో చూస్తే, నేలతో సంబంధం లేకుండా దూరం తెలుస్తుంది. పేర్లు చెప్పే శాఖ నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. రెండు లెక్కలూ విభేదిస్తే తక్కువ దూరాన్నే నమ్మాలన్నది నియమం.

వెలుతురు, దుమ్ము, వేడి

ఔటర్ కింద అటూ ఇటూ సర్వీస్ రోడ్లను కలిపే అండర్‌పాసులలో సాయంత్రం పడమటి వైపు బయటికి వస్తే, చీకటి గోడలూ నేరుగా సూర్యుడూ ఒకే ఫ్రేములో పడతాయి. మామూలు సెన్సర్ ఇక్కడ రెండింటిలో ఒకదాన్ని వదులుకుంటుంది. 120 డెసిబెల్ స్థాయి డైనమిక్ రేంజ్ (చీకటినీ వెలుగునూ ఒకేసారి పట్టే సామర్థ్యం) ఉన్న వాహన కెమెరాలకు అదనంగా చెల్లించడానికి ఇదొక్కటే చాలిన కారణం. ఎల్‌ఈడీ సిగ్నళ్లు, బండ్ల టెయిల్ లైట్లు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. పట్టపగలు ఎక్స్‌పోజర్ ఒక మిల్లీసెకను కన్నా తగ్గినప్పుడు కెమెరా వాటిని ఆరిన క్షణంలో పట్టుకుంటే, వెలుగుతున్న బ్రేక్ లైటు ఆరిపోయినట్టు నమోదవుతుంది. మినుకు తగ్గించే సదుపాయం గల సెన్సర్లు దీన్ని చాలా వరకు నివారిస్తాయి. అయినా బ్రేక్ లైటు కనబడలేదు కాబట్టి ముందున్న బండి ఆగడం లేదని తేల్చే తర్కాన్ని ఎక్కడా పెట్టలేదు.

రాంగ్ రూట్‌లో వచ్చే బైకులకు చేసినదల్లా ఒక ఊహను తొలగించడమే. లేన్ దిశను బట్టి వాహనాల కదలికను అంచనా వేసే ట్రాకింగ్ పద్ధతులు ఎదురొచ్చే బైకును పొరపాటు కొలతగా భావించి కొన్ని ఫ్రేములు ఆలస్యం చేస్తాయి. మా దారిలో ఏ లేన్‌కూ దిశ లేదన్నట్టుగానే లెక్కిస్తున్నాము.

టిప్పర్ లేపిన దుమ్ము విషయంలో పూర్తి పరిష్కారం దొరకలేదు. దట్టమైన దుమ్మును గడుల శాఖ గోడలా చూసి షటిల్‌ను ఆపుతుంది. రాడార్ అటువైపు ఖాళీ అని చెప్పినా, దుమ్ము వెనుక మనిషి ఉంటే రాడార్ ఒక్కదాని మాట మీద ముందుకు పోవడానికి నేను సిద్ధంగా లేను. దుమ్ము తగ్గేదాకా ఆగుతుంది, వెనుకవాళ్లు హారన్ కొడతారు.

మే నెలలో హైదరాబాద్‌లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. సీటు కింద మూసిన పెట్టెలోని కంప్యూటర్ దగ్గర అంతకు చాలా ఎక్కువ. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, జవాబు ఆలస్యమవుతుంది. ప్రతి 100 మిల్లీసెకన్ల ఆలస్యానికి షటిల్ 70 సెంటీమీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. జవాబు ఆలస్యమయ్యే కొద్దీ అనుమతించే గరిష్ఠ వేగం కూడా దానంతట అదే తగ్గేలా ముడిపెట్టాము. గణన తేలిక చేయడానికి మోడల్ లోపలి సంఖ్యలను తక్కువ కచ్చితత్వం గల 8 బిట్లకు కుదించినప్పుడు పెద్ద వస్తువులకు ఏ లోటూ రాలేదు. సన్నని వస్తువులు, 'సరుకు చివర' వర్గం దెబ్బతిన్నాయి. వాటిని గుర్తించే మోడల్ పొరలను మాత్రం 16 బిట్లలోనే ఉంచాము.

ఏది కొలవాలి

ఈ రంగంలో వాడుకలో ఉన్న సగటు కచ్చితత్వం అన్ని వర్గాలనూ, అన్ని దూరాలనూ కలిపి ఒక్క అంకెగా చూపుతుంది. చువ్వల డీసీఎంకు ఆ అంకెలో పూర్తి మార్కులు రావడం పైన చెప్పాను. అందుకని ఆ అంకెను లోపలి పోలికలకు మాత్రమే ఉంచి, మా వ్యవస్థను తీసుకుంటున్న కొనుగోలుదారుకు వేరే కొలతలు చూపాము. ఆగగలిగే దూరంలో, బండి దారిలో ఉండి గుర్తింపునకు రాని జాగా ఎంత? దూరం చెప్పడంలో దోషం దగ్గరగా చెప్పడం వైపు ఉందా, దూరంగా చెప్పడం వైపు ఉందా? అవసరం లేని బ్రేకులు ఎక్కడ, ఏ వేళలో పడుతున్నాయి? దోషం మీటరే అయినా, దూరంగా చెప్పిన మీటరుకూ దగ్గరగా చెప్పిన మీటరుకూ మధ్య ఎంతో తేడా ఉంది. ఏ భాగమూ చెడిపోకుండానే, వ్యవస్థ తన హద్దుల వల్ల ప్రమాదం తేగల పరిస్థితులను పరిశీలించే ఐఎస్‌ఓ 21448 ప్రమాణం ఈ ఆలోచనకు మంచి చట్రం. పనికి దిగే ముందే దాన్ని చదివి, మన దారిలోని పరిస్థితులను ఒక్కొక్కటిగా రాసుకోవడం ఎంతో మేలు చేస్తుంది.

రెండు శాఖల పద్ధతికి మారిన తరువాత చువ్వలు, గడ్డి, వెదురు బొంగుల దృశ్యాలలో గుర్తింపునకు రాని జాగా స్పష్టంగా తగ్గింది. దుమ్ము కారణంగా, రోడ్డుపై ఎగిరే ప్లాస్టిక్ సంచుల కారణంగా అనవసర బ్రేకులు పెరిగాయి. కొనుగోలుదారుకు రెండింటినీ పక్కపక్కనే చూపించి, అనవసర బ్రేకులను తగ్గించే పనిని తరువాతి దశకు ఒప్పించాము. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో స్వయంచాలిత వాహనాల కోసం టిహాన్ పరీక్షా క్షేత్రం ఉంది. ప్రజలు తిరిగే దారిలో ఎర్రగుడ్డ లేని చువ్వల వంటి దృశ్యాలను కావాలని సృష్టించకూడదు కాబట్టి, వాటిని ఇటువంటి మూసిన క్షేత్రాలలోనే పరీక్షించాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

తేలనిది ఒకటుంది. కరెంటు స్తంభాల నుంచి రోడ్డుకు అడ్డంగా లాగిన ఇంటర్నెట్ కేబుళ్లు వానకో, ఎత్తైన లారీ తగలడం వల్లో జారి, షటిల్ పైకప్పు ఎత్తున, ఒక్కోసారి అంతకన్నా కిందికి వేలాడుతుంటాయి. నల్లని సన్నని తీగ, రోడ్డుకు అడ్డంగా, ఏ ఎర్రగుడ్డా లేకుండా. పక్కపక్కన పెట్టిన రెండు కెమెరాల మధ్య తేడాతో దూరం కొలుద్దామంటే, తీగ కూడా అదే అడ్డ దిశలో ఉండడం వల్ల ఏ బిందువుకు ఏ బిందువు జతో తేలదు. ఒకదానిపై ఒకటిగా నిలువునా అమర్చిన కెమెరాల జతతో ఇప్పుడు ప్రయోగాలు చేస్తున్నాము. అవి పూర్తయ్యేదాకా, కేబుళ్లు వేలాడే భాగాలను మ్యాప్‌లో గుర్తుపెట్టి, అక్కడ స్టీరింగ్ డ్రైవర్ చేతిలోనే ఉండాలని నిర్వహణ నిబంధనలలో రాశాము. వారానికొకసారి, గాలివాన వచ్చిన మర్నాడు ఉదయం తప్పనిసరిగా, ఆ మ్యాప్‌ను దారంతా తిరిగి చూసి సవరిస్తున్నాము.